వాటా పెయ్యకి కొవ్వు పొడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ముక్కు దాకా కూడా పోదు, నాలిక మీదే ఉంటుందని మా ఆసుపత్రి అటెండరు అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పశువుల డాక్టరుకి అది అంత చెడ్డ గుణమేమీ కాదు. గొడ్డు మన మాట వినకపోయినా గొడ్డు గలవాళ్లు భయపడైనా వింటారు. నా కోపానికి బెదరని మనిషి, అలాగని నా మాట తోసెయ్యని మనిషి, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కామే తగిలింది. ఆమె గురించీ, ఆమె సాకిన పెయ్య గురించీ రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను పనిచేసే ఊరు సత్తెనపల్లికి కాస్త ఎడంగా ఉంటుంది. పుట్టింది మాత్రం పొదిలి దగ్గర మెట్ట పల్లెలో. మా వైపు గొడ్డంటే నాలుగు ఎముకలు, ఒక తోలు, బోలెడంత ఓర్పు. వాన పడితే పచ్చిక, పడకపోతే ఏ చెట్టు మండో విరిచి వేసేవాళ్లం. ఇక్కడికి బదిలీ మీద వచ్చాక ఇంటింటా నల్లగా నిగనిగలాడే గేదెల్ని చూసి కళ్లు తిప్పుకోలేకపోయాను. పత్తి పండే నేల కదా, గింజలకి కొదవ లేదు. పొద్దున నానేసిన పత్తిగింజలు సాయంత్రం రుబ్బి పెడతారు. తవుడు, గానుగ చెక్క, కుడితి సరేసరి. గేదె వీపు మీద నీళ్లు పోస్తే జారిపోవాలి తప్ప ఏ గుంటలోనూ నిలవకూడదు, అదీ ఇక్కడివాళ్ల లెక్క. ఒళ్లు చేయని గొడ్డు వాకిట్లో ఉంటే ఆ ఇంటి ఆడవాళ్లకి చెడ్డపేరు.

ఈ ఊళ్లో వాటా దూడల పద్ధతి ఒకటి ఉంది. గేదెలున్న ఆసామి పాలు మరిచిన పెయ్యదూడని, అంటే ఆడదూడని, గేదె లేని ఇంటికి మేపడానికి ఇస్తాడు. ఆ ఇంటామె దాన్ని ఈనేదాకా సాకాలి. ఈనాక ఆ ఈత పాలన్నీ, పుట్టిన దూడా సాకినామెవి. పాలు వట్టిపోయాక గేదె మాత్రం ఆసామి ఇంటికి వెళ్లిపోతుంది. కాగితాలేమీ ఉండవు, నలుగురు వింటుండగా నోటిమాట, అంతే. ఇందులో ఆసామికి ఒక హక్కు ఉంది. మేపు సరిగా లేదనిపిస్తే ఎప్పుడైనా వచ్చి దూడని విప్పుకుపోవచ్చు. అప్పటిదాకా మోసిన మేత, తీసిన పేడ, పోసిన కుడితి అన్నీ గాలికి పోయినట్టే.

నేను చెప్పే ఆమె అలా రెండు దూడల్ని సాకింది. మొదటిదాన్ని సన్నబడిందని ఆసామి మధ్యలోనే తోలుకుపోయాడు. రెండోది చక్కగా ఈనింది, కానీ దున్నదూడ పుట్టింది. దున్నదూడని ఎవరు ఉంచుకుంటారు? అలా రెండుసార్లూ ఆమె గుంజ ఖాళీగానే మిగిలింది. మిరప కోతల ముఠాకి ముందు నడిచే మనిషి, యాభై ఏళ్లుంటాయి. గొంతు చేనుకి ఇటు చివర ఎత్తితే అటు చివర పనిచేసేవాళ్లు నడుం వంచాల్సిందే. ఆమె భర్త వాళ్ల పేటలో ఉన్న చర్చిలో ఊడ్చి, తుడిచి, గంట కొట్టే పనిలో ఉండేవాడు. మాటలన్నీ భార్యకి ఇచ్చేసి తను నవ్వు ఒకటే ఉంచుకున్నాడని పేటలో అనుకునేవాళ్లు. ఊళ్లో సగం గేదెల పాలు ఆమె చిన్నతనం నుంచీ పితికినవే. తనదనే గేదె మాత్రం ఒక్కరోజు కూడా ఆమె వాకిట్లో లేదు.

మూడో పెయ్య వచ్చిన ఏడాది గాలికుంటు టీకాలు వేస్తూ వాళ్ల వీధికి వెళ్లాను. పాక ముందు కట్టేసిన ఆ దూడని చూసి అటెండరు "అబ్బ!" అన్నాడు. అనాల్సిందే. మెడ కింద మడతలు, నున్నటి వీపు, గుండ్రటి పిరుదులు. చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు అక్కడే నిలబడి, అది తమ దూడే అయినట్టు మురిసిపోతున్నారు. ఆమె దాని మెడ మీద చెయ్యి వేసి నా వంక చూసింది. నేను మెచ్చుకుంటానని చూసింది.

నేను టీకా వేసి, అలవాటు కొద్దీ దూడ పొదుగు కింద చెయ్యి పెట్టాను. ఆ వయసు దూడకి పొదుగంటే పైకి కనిపించేవి నాలుగు బుల్లి చన్నులే. కానీ వాటి మొదట్లో వేళ్లతో నొక్కితే లోపల చిక్కుడు గింజంత గట్టిదనం ఒకటి తగలాలి. దీనికి నాలుగు చోట్లా వెతికాను. మెత్తగా, తడిపిన పిండి ముద్దలాగా ఉంది. గింజ తగిలీ తగలనట్టు ఉంది.

"ఏం పెడుతున్నావమ్మా దీనికి?" అన్నాను.

"అన్నీ పెడతన్నానండీ. పత్తిగింజలు, తవుడు, చెక్క. ఇంకా..." అని పాకలోకి వెళ్లి ఒక సంచి తెచ్చి గర్వంగా నా ముందు పెట్టింది. "ఇదిగోండి, కొవ్వు పొడి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పొడి సంగతి కాస్త చెప్పాలి. పశువు మేసిన మేత ముందు పెద్ద పొట్టలో నానుతుంది, పులుస్తుంది. అక్కడ నూనె, కొవ్వు ఎక్కువైతే మేత సరిగా అరగదు. అందుకని కొవ్వుని కాల్షియంతో కలిపి పొడి చేసి అమ్ముతారు. అది పెద్ద పొట్టలో కరక్కుండా దాటుకుపోయి, పేగుల్లో కరిగి, రక్తంలో కలుస్తుంది. బైపాస్ ఫ్యాట్ అని సంచి మీద రాసి ఉంటుంది, ఊళ్లో అందరికీ కొవ్వు పొడి. కొత్తగా ఈనిన గేదె తను తిన్నదానికంటే ఎక్కువే పాలలో పోగొట్టుకుంటుంది. దానికి ఈ పొడి నిజంగా వరం. గేదె చిక్కిపోదు, పాలలో వెన్న నిలబడుతుంది. కానీ ఎదిగే దూడ ఏం పోగొట్టుకుంటుంది? ఖర్చు లేని చోటికి వచ్చిపడిన కొవ్వుని ఒళ్లు ఎక్కడో ఒకచోట దాచుకోవాల్సిందే. తోలు కింద కొంత, పేగుల చుట్టూ కొంత, మిగిలింది పొదుగులో.

"ఇది పాడి గేదెలకి పెట్టేదని సంచి మీద బొమ్మతో సహా ఉంది కదా! నీ దూడ పాలిస్తోందా? పితుకు చూద్దాం, ఒక గ్లాసు నాకూ ఇవ్వు" అన్నాను. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, అమ్మేవాడు అమ్మితే కొనేవాళ్లు కొనడమేనా అని కూడా అరిచాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మెల్లగా జారుకున్నారు.

ఆమె జారుకోలేదు. నడుం మీద చెయ్యి వేసుకుంది. "అరవమాకండి డాక్టరమ్మా, దూడ బెదురుద్ది. మిరపకి దుక్కిలో వేసిన ఎరువు ఎప్పుడు కనపడుద్ది? కాపులోనేగా? ఇప్పుడు ఒంట్లో వెన్న దాచిపెడితే ఈనినప్పుడు పాలల్లోకి దిగుద్దని పెట్టాను. దాంట్లో తప్పేముంది?"

తప్పే, కానీ ఎంత ముచ్చటైన తప్పు! దూడని కూడా మిరప చేనులాగే చూసింది ఆ మనిషి. దుక్కి మందు, మొలక, పూత, కాపు. ఈ నేల మీద పుట్టి పెరిగిన మనిషికి తప్ప ఇంకొకరికి ఈ ఆలోచన రాదు. పైగా ఆ పొడి కోసం ఆమె ముఠా పని అయ్యాక సాయంత్రాలు కల్లాల్లో తెల్లబారిన మిరప తాలుకాయలు ఏరడానికి కూడా పోయేదట. నా కోపం దానంతటదే దిగింది. సరే, ఆమె భాషలోనే చెబుదామనుకున్నాను.

"మిరపకి యూరియా మరీ ఎక్కువ కొడితే ఏమవుతుంది?"

"ఆకు ఏపుగా వస్తది. పూత నిలవదు" అంది టక్కున. అని, ఆగిపోయింది. దూడ వంక చూసింది. నా వంక చూసింది.

ఆ రోజు ఆ పాక ముందు కూర్చుని తెలిసిందంతా చెప్పాను. దూడ పొదుగులో ముందు ఒక మెత్తటి కొవ్వు పరుపు ఉంటుంది. పాల నాళాలు ఆ పరుపులోకే వేళ్లలాగా చొచ్చుకుపోతాయి, పాయలు పాయలుగా చీలతాయి. పరుపు అసలు లేకపోతే వేళ్లు తన్నే చోటుండదు. మరీ మందమైపోతే వేళ్లు సాగవు. ఈ వయసులో సాగాల్సినవి ఇప్పుడు సాగకపోతే, ఈనాక ఎన్ని గింజలు రుబ్బిపోసినా ఆ లోటు తీరదు. పైకి చూస్తే పెద్ద పొదుగే ఉంటుంది, పితికితే చెంబు నిండదు. పైన పటారం, లోన లొటారం. అంతేకాదు, కొవ్వు పట్టిన పడ్డ, అంటే వయసొచ్చి ఇంకా ఈనని పెయ్య, తొందరగా ఎదకి రాదు, వచ్చినా చూలు నిలవడం కష్టం. కాలేజీలో ఈ పాఠం విన్నప్పుడే నాకు భలే ఆశ్చర్యమేసింది. ఎప్పుడో రెండు మూడేళ్ల తరవాత పుట్టబోయే బిడ్డ కోసం ఒక పసిదూడ ఒళ్లు ఇప్పటినుంచే లోపల కాలవలు తవ్వుకుంటూ ఉంటుంది. ఎంత ముందుచూపు! ఆ పాఠం నేనొకరికి చెబుతుంటే అంత శ్రద్ధగా విన్నవాళ్లు మళ్లీ తగల్లేదు.

"మరి ఇప్పుడు పట్టిన కొవ్వు పోద్దా?" అని అడిగింది.

"పొడి ఆపెయ్యి. పత్తిగింజలు కూడా ఆపు. జొన్నచొప్ప, పిల్లిపెసర పెట్టు, చెక్క కొంచెం. లవణ మిశ్రమం, ఈస్ట్ పొడి నేనిస్తాను, వాటితో మేత బాగా అరుగుతుంది, ఎముక సాగుతుంది. ఒళ్లు పెరగాలి కానీ ఉబ్బకూడదు. పట్టిన కొవ్వు కొంత కరుగుతుంది. పొదుగులో ఎంత నష్టం జరిగిందో మాత్రం నేను చెప్పలేను. ఈనేదాకా ఎవరూ చెప్పలేరు."

"సన్నబడుద్దా?"

"సన్నబడుతుంది. నిగారింపు పోతుంది."

ఆమె దూడ మెడ మడతలు నిమిరింది. అప్పుడు అర్థమైంది నాకు, నేను ఆమెని ఏం చెయ్యమంటున్నానో. సన్నబడిందనే కదా మొదటి దూడని విప్పుకుపోయారు! పొడి పెడితే దూడ గొడ్డుమోతయ్యే ప్రమాదం. మానేస్తే దూడే పోయే ప్రమాదం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చెప్పేసి జీపెక్కి వెళ్లిపోతాను, తర్వాత ఊరందరి కళ్లూ పడేది ఆమె మీదే.

ఆమె లేచి సంచి తీసి, పాడి గేదె ఉన్న పక్కింటికి ఇచ్చేసి వచ్చింది.

రెండు నెలల్లో దూడ మారిపోయింది. మెడ మడతలు పోయాయి, పక్కటెముకలు లీలగా కనిపించాయి, వెంట్రుక మెరుపు పోయింది. నేను ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఆగి చూసేదాన్ని. నాకు కనిపించేది వేరు. వీపు సాగింది, కాళ్లు పొడుగయ్యాయి, రొమ్ము వెడల్పయింది. ఊరికి కనిపించేది ఒకటే, ఎముకలు. "పొడి కొనలేక మానేసి డాక్టరమ్మ మీద పెడతంది" అని కొందరు, "గొడ్డొచ్చిన వేళ మంచిది కాదు, మూడోదీ పోద్ది" అని కొందరు. ఆమె భర్త నవ్వడం కూడా మానేశాడని అటెండరు వచ్చి చెప్పాడు. ఒకరోజు ఆమే ఆసుపత్రికి వచ్చింది. తాలుకాయలు నూరి పెడితే ఒంట్లో కొవ్వు కరిగి ఎద తొందరగా వస్తుందని ఎవరో ఫోనులో చూపించారట. మిరప ఘాటుకీ ఒంట్లో కొవ్వుకీ ఏదో లంకె ఉన్నమాట నేనూ చదివాను, మేతల్లో కలిపే మందుల్లో ఆ సారం కూడా అక్కడక్కడా వస్తోంది. కానీ కల్లంలో బూజు పట్టిన తాలుకాయ నూరి పసిగొడ్డు నోట్లో పొయ్యడం ఏ శాస్త్రం? మళ్లీ అరిచాను.

ఆమె నవ్వింది. "అడగడానికి వచ్చా గానీ పెట్టడానికి రాలా. ఆ ఫోనాయన్నే ముందు నూరుకు తాగమన్నా." అలా నవ్వగలిగినందుకే నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. ఆమె స్థానంలో నేనుంటే ఈపాటికి నాలుగు గుప్పెళ్లు పత్తిగింజలు రహస్యంగా పెట్టేసేదాన్నేమో.

ఆసామి రానే వచ్చాడు. మిరపలో కలుపు తీతలు నడుస్తున్న రోజులవి. నేను ఆ వీధిలోనే ఒక గేదెకి సూది వేస్తుంటే కేకలు వినిపించాయి. వెళ్లేసరికి ఆయన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని దూడ చుట్టూ తిరుగుతున్నాడు. చెడ్డమనిషేమీ కాదు. చేతికి అంటిన మట్టి కడుక్కోకుండా అన్నం తినని రైతు, అంతే మర్యాదస్తుడు. ఊరి కళ్లే ఆయన కళ్లు, ఊరి లెక్కే ఆయన లెక్క.

"ఏమ్మే, నీకు బంగారం లాంటి దూడనిచ్చానే! ఇట్టా ఎండగట్టావేందే?" అన్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు. "మీరే మేత మాన్పించారంటండీ డాక్టరు గారూ? చదువుకున్నోళ్లు, మిమ్మల్ని కాదనను. కానీ మా తాతల నాటి నుంచీ మేము గొడ్డు మేపుతున్నాం. ఎముక కనపడ్డ గొడ్డు బాగుపడ్డం నేను చూళ్లేదు."

నేను మొదలుపెట్టాను. పెద్ద పొట్ట, చిన్న పొట్ట, కొవ్వు ఎలా కరుగుతుంది, ఎక్కడ పేరుకుంటుంది, పొదుగులో నాళాలు, అన్నీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన వినయంగా తలూపుతూనే పగ్గం ముడి మీద చెయ్యి వేశాడు.

ఆమె వచ్చి ఆయనకీ గుంజకీ మధ్య నిలబడింది. "అయ్యా, ఒక్క మాట. పొద్దున మీ చేలో మాకేం చెప్పారు మీరు? ఆకు చూసి మురవొద్దు, పూత చూడమన్నారు. నేను ఆకు తగ్గించా. పూత రానీండి."

పెద్దమనుషుల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆసామి నవ్వలేదు, కానీ చెయ్యి ముడి మీదే ఆగింది.

"మిరప తొలికోత దాకా ఆగండి" అంది ఆమె. వీధంతా వినేలాగే అంది, ఆ గొంతుకి అదేం కష్టం కాదు. "అప్పటికి ఇది ఎదకి రాకపోతే మీరు రానక్కర్లా. నేనే పగ్గం పట్టుకుని ఊరి బజారెంట తోలుకొచ్చి మీ గుంజకి కట్టేస్తా. ఇంకెన్నడూ వాటా దూడని అడగను. పేటలో ఏ ఇంటికీ ఇవ్వమాకండి అని కూడా నేనే చెప్తా."

ఆ చివరి మాట అవసరం లేదు. అయినా అంది. ఆసామి చెయ్యి తీసేశాడు. నలుగురిలో అన్నమాట నలుగురిలో ఒప్పుకోవాలి, అది కూడా ఈ ఊరి మర్యాదే. వాళ్లు వెళ్లిపోయాక ఆమె అక్కడే నేల మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుంది. "ఎదకి వస్తదిగా డాక్టరమ్మా?" అని గుసగుసగా అడిగింది. ఆమె గుసగుస వినడం అదే మొదలు, అదే ఆఖరు. వస్తుందని చెప్పాను. తెలిసి చెప్పానా? లేదు. నాకు భయంగా ఉంది. నేను నేర్చుకున్న చదువు మీద ఒక మనిషి తనకు ఉన్నదంతా పెట్టింది. అంతకుముందు ఏ పరీక్ష ముందూ నాకు అంత భయం వెయ్యలేదు.

గేదెల ఎద కనిపెట్టడం మామూలు సంగతి కాదు. ఆవులాగా అరిచి గోల చెయ్యవు. మూగ ఎద అంటాం మేము. తోక పక్కకి పెట్టడం, మేత తగ్గడం, సన్నటి తీగ ఒకటి జారడం, అంతే. ఒక పూట ఏమరుపాటుగా ఉంటే దాటిపోతుంది. కోతలు దగ్గరపడుతున్నాయి, ఆమె చేలోకి పోకపోతే ముఠా కదలదు. అందుకని మొగుడూ పెళ్లాలిద్దరూ పంచుకున్నారు. ఆమె లేని పూట ఆయన, ఆయన చర్చిలో ఉన్న పూట ఆమె.

ఒక ఆదివారం పొద్దున ఆయన రొప్పుకుంటూ మా ఇంటికి వచ్చాడు. ఆరాధనకి గంట కొడుతుంటే భార్య గోడ అవతలి నుంచి కేకేసిందట. తాడు వదిలేసి వచ్చేశాడు. సగం గంట విన్న జనం ఎవరో చనిపోయారేమోనని వీధిలోకి వచ్చేశారు. "తీగ వేసిందండీ" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న పొడుగాటి మాట అదే. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోలేదు. వెళ్లి చూస్తే నిజమే. చూలు కట్టించే సూది వేశాను. ఊళ్లో తొలికోత ఇంకా ఎవరి చేలోనూ మొదలవలేదు.

ఆ మొదటి సూదికి చూలు నిలవలేదు. కానీ ఎద వచ్చింది కదా, మాట నెగ్గింది, ఆసామి మళ్లీ ఏమీ అనలేదు. రెండోసారి నిలిచింది. చెయ్యి పెట్టి చూసి చూలు ఖాయమని చెప్పినప్పుడు ఆమె దూడ నుదుటి మీద ముద్దు పెట్టి, నా చెయ్యి కడగడానికి నీళ్లు తెచ్చి, ఆ చెంబు అక్కడే పడేసి ప్రార్థనకి కూర్చుంది. నేను చేతికి ఉన్న పేడతో అలాగే నిలబడ్డాను. నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

పడ్డ ఈనింది. పెయ్యే పుట్టింది. తడి కూడా ఆరని ఆ పెయ్య తోక కింద చూసి ఆమె వేసిన కేకకి వీధి వీధంతా వచ్చింది. అప్పుడే పుట్టిన దూడ ఒంట్లో కొవ్వన్నది చాలా తక్కువ ఉంటుంది. తొలి జున్నుపాలలో ఉన్న కొవ్వే దానికి ఒంటి వేడి, దాని ప్రాణం. తల్లికి వేళ కాని వేళ పెడితే చేటయిన కొవ్వే బిడ్డకి ఆ మొదటి గంటల్లో అమృతం. అది ఆమెకి నేను చెప్పనక్కర్లేకపోయింది. జున్నుపాలకని గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్లందరినీ, ఆసామి ఇంటి నుంచి వచ్చిన మనిషితో సహా, "ముందు తాగాల్సినోళ్లు తాగనీండి" అని గుమ్మంలోనే కూర్చోబెట్టింది.

అంతా బాగానే ఉంది కానీ నాకు మాత్రం అసలు పరీక్ష మిగిలే ఉంది. ఈనేముందు పొదుగు బాగా దిగింది, అందరూ మెచ్చుకున్నారు. కొవ్వు పొదుగు కూడా అలాగే పెద్దగా కనిపిస్తుందని నాకు తెలుసు. తేడా పితికాకే తెలుస్తుంది. కొవ్వుదైతే పితికినా అలాగే బిర్రుగా ఉంటుంది. పాలదైతే ఖాళీ గుడ్డసంచిలాగా ముడుచుకుపోతుంది. జున్ను రోజులు గడిచాక ఒక ఉదయం ఆమె పితుకుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆసామి కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాలు చెంబులో పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చెంబు నిండింది. ఇంకో చెంబు అడిగింది. అదీ నిండింది. అప్పుడు పొదుగు వదిలి పక్కకి జరిగింది. మడతలు మడతలుగా ముడుచుకుపోయి వేలాడుతున్న ఆ పొదుగుని చూసి నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను. ఆసామి దగ్గరికొచ్చి పొదుగు వంక చూసి, ఆమె వంక చూసి, "మా ఇంట్లో పెయ్యలకి కూడా పొడి ఆపేయిస్తా" అన్నాడు. ఆయనకి అంతకంటే పెద్ద పొగడ్త తెలియదు.

ఆ ఈత పాలతో వాళ్లిల్లు కళకళలాడింది. పాలు వట్టిపోయాక మాట ప్రకారం గేదెని ఆమే తోలుకెళ్లి ఆసామి గుంజకి కట్టి వచ్చిందని విన్నాను. దాన్ని పసిదూడగా తెచ్చి, ఊరి మాటలు పడి, తన చేత్తో అలాంటి పొదుగుని నిలబెట్టిన మనిషి. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడలేదట. బాధగా ఉంటుందేమో, పలకరిద్దామని ఒక వారం పోయాక వెళ్లాను.

ఆమె పెయ్యని కడుగుతోంది. తల్లి పోలికే, పొడుగు కాళ్లు, సాగిన వీపు, పక్కల్లో ఎముకల నీడ. నేను గుమ్మంలో నిలబడి ఉండగానే దారిన పోయే ఒకామె ఆగి, "ఏందక్కా, దూడ సన్నంగా ఉందే?" అంది.

ఆమె చెంబు కింద పెట్టింది. వీధి చివరిదాకా వినపడేలా నవ్వింది. "ఉండనియ్యవే. ఇది వాటా దూడ కాదు. సన్నంగా ఉందని విప్పుకుపోయేవోడు లేడు. ఇది నాది."